పొట్ట కూడా ఒక అప్పే



నేను డాక్టరును కాను. జిమ్ము మాస్టరును అంతకన్నా కాను. సోనాపూర్ క్యాంపులో ఉంటూ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైమ్‌షీట్లు రాసే క్లర్కును. ఇంటర్ పాసై, ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, 2011లో ఇరవై రెండేళ్ల వయసులో దుబాయి వచ్చాను. మీలాగే బంకు బెడ్డు మీద పడుకుంటాను. ఆరుగురం కలిసి వండుకున్న మెస్సు కూడే తింటాను. కొంతకాలంగా నేను ఒక పని మీద ఉన్నాను. అందులో ఎన్నిసార్లు పడ్డానో, మళ్లీ ఎలా లేచానో మీతో చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ పని, బరువు తగ్గడం.

"బరువు తగ్గుడు పైసలున్నోళ్ల ముచ్చట. పది గంటలు ఇనుము మోసేటోనికి లావు ఎక్కడిది?" అని కొందరు నవ్వుతారు. స్టీల్ ఫిక్సర్లకు, స్కాఫోల్డింగ్ కట్టేవాళ్లకు అది చాలావరకు నిజమే. కానీ ఒక్కసారి మన క్యాంపు మెస్ హాలులో కూర్చుని చుట్టూ చూడండి. డ్రైవర్లు, క్రేన్ ఆపరేటర్లు, స్టోర్ కీపర్లు, వాచ్‌మెన్లు, వంటవాళ్లు, ఫోర్‌మన్లు, నాలాంటి ఆఫీసు వాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. కాళ్లు చేతులు సన్నగానే ఉండి, పొట్ట మాత్రం కుండలా ముందుకు వచ్చినవాళ్లు ఎంతమందో కూడా చూడండి. వాళ్లందరి కోసమే ఈ రాత.

కార్గో షాపు కాంటా

2023 డిసెంబరులో సెలవు మీద ఇంటికి పోయే ముందు మా క్యాంపు రోడ్డు మీదున్న కార్గో షాపులో బ్యాగు తూకం వేయించాను. బ్యాగు ఇరవై తొమ్మిదిన్నర కిలోలు వచ్చింది. సరదాగా నేనూ కాంటా ఎక్కాను. ముల్లు 91 దగ్గర ఆగింది. 2011లో వచ్చేటప్పుడు నా మెడికల్ కాగితంలో రాసింది 58 కిలోలు. ఈ మాట చెబితే షాపు మలయాళీ భాయ్ పెద్దగా నవ్వి, "ముప్పై మూడు కిలోల ఎక్స్‌ట్రా లగేజీ! దానికి ఛార్జీ ఎవరు కడతారు?" అన్నాడు. నేనూ నవ్వాను. ఛార్జీ సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంటికి పోతే మా అమ్మ పాత మొలతాడు తెంపి కొత్తది కట్టబోయింది. తెచ్చిన దారం చాలలేదు. అమ్మ ముఖంలో ఎంత సంతోషమో! "దుబాయి బువ్వ నా కొడుకు పెయికి పట్టింది" అని పక్కింటి వాళ్లను పిలిచి చెప్పింది. మన ఊళ్లలో గల్ఫు నుంచి వచ్చినవాడు పొట్టతో వస్తే బాగా సంపాదించినట్టు. బక్కచిక్కి వస్తే, "పాపం, ఏం తిప్పలు పడుతున్నడో" అని జాలి పడతారు. పన్నెండేళ్లలో నా పొట్ట చూసి ఇది మంచిది కాదని చెప్పినవాళ్లు ఒక్కరు లేరు. నాకు నేనూ చెప్పుకోలేదు.

నేను టైపు చేసిన కాగితం

2024 ఫిబ్రవరిలో మా పక్క బ్లాకులో ఉండే బస్సు డ్రైవరన్న చనిపోయాడు. నిజామాబాద్ వైపు మనిషి. నలభై ఒక్క ఏళ్లు. రోజూ సాయంత్రం కెఫెటేరియా ముందు నాతో కలిసి కరక్ చాయ్ తాగేవాడు. ఆ రాత్రి కూడా తాగి, "పొద్దున నాలుగ్గంటలకు ట్రిప్పు ఉంది తమ్మీ" అని లేచిపోయాడు. నాలుగు గంటలకు రూము వాళ్లు లేపితే లేవలేదు.

ఆఫీసులో క్లర్కును కాబట్టి ఆ కాగితాలన్నీ నా మీద పడ్డాయి. మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, వీసా రద్దు, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేటు అనుమతి, విమానం కార్గో బుకింగు. అంతకుముందు కూడా ఇలాంటి ఫైళ్లు చేశాను. కానీ చాయ్ గ్లాసు పంచుకున్న మనిషి ఫైలు అది మొదటిది. కార్గో కాగితంలో పెట్టెతో సహా బరువు రాసే గడి ఒకటి ఉంటుంది. కొన్నేళ్ల కిందటి దాకా మృతదేహాలకు కూడా విమానం ఛార్జీ కిలోల లెక్కనే పడేది. ఆ గడి చూసినప్పుడు కార్గో షాపు భాయ్ అన్న మాట గుర్తుకొచ్చి నా చెయ్యి కీబోర్డు మీదనే ఆగిపోయింది.

ఆయన లావు వల్లే పోయాడని నేను అనను. నాకు ఆ తెలివి లేదు. కాగితంలో గుండె ఆగిపోయిందని ఉంది, అంతే. కానీ ఆయనా నేనూ ఒకే చాయ్ తాగాం, ఒకే తిండి తిన్నాం, ఇద్దరం రోజంతా కూర్చునే పని చేశాం. ఆయన భార్య ఫోనులో నన్ను అడిగిన ఒక ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆయనకు బీపీ ఉన్నదని మీకెవ్వలికన్న ఎరికేనా అన్నా?" ఎవరికీ తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో.

ఆ మరుసటి నెలలో క్యాంపులో ఉచిత వైద్య పరీక్షలు పెడితే వెళ్లాను. పరగడుపున షుగరు 116. బీపీ 146, కింద 94. డాక్టరమ్మ చెప్పింది ఇదీ. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 126, ఆ పైన ఉంటే షుగరు జబ్బు కిందకు వస్తుంది. మధ్యలో ఉన్నవాళ్లు గట్టు మీద నిలబడినట్టు. ఇటైనా రావచ్చు, అటైనా పడవచ్చు. మన భారతీయ మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం పెరుగుతుంది. నా నడుము 106 ఉంది. బీపీని వదలొద్దని, వారం వారం చూపించుకోమని, తగ్గకపోతే మందు వాడాల్సి వస్తుందని చెప్పింది. బరువు మాత్రం ఆరు, ఆరున్నర కిలోలు తగ్గినా చాలా మేలని ధైర్యం చెప్పింది.

ఆ మాట ఊరికే అనలేదు. 2002లో అమెరికాలో నా లాంటి గట్టు మీది మనుషులు మూడు వేల మందికి పైగా తీసుకుని పరీక్షించారు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగరు జబ్బు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మన చెన్నైలో చేసిన ఇలాంటి పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. అక్కడ కూడా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గింది. నా 91 కిలోల్లో 7 శాతం అంటే ఆరు కిలోల మూడు వందల డెబ్బై గ్రాములు.

భయంతో పరుగెత్తాను, బోర్లా పడ్డాను

భయం మనిషిని పరుగెత్తిస్తుంది. నేను కూడా పరుగెత్తాను. ఆ రోజు నుంచి అన్నం బంద్. పొద్దున ఒక ఖుబూస్, రాత్రి దోసకాయ ముక్కలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్యాంపు గోడ చుట్టూ పరుగు. పదిహేను రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను. రూములో అందరికీ చెప్పుకున్నాను. మూడో వారంలో మోకాలు పట్టింది. పరుగు ఆగింది. రూములో చికెన్ కూర వాసన వచ్చినప్పుడల్లా అందరి మీద చిరాకు పడేవాడిని.

జూన్‌లో ఒకరోజు హాజరు చూడడానికి సైటుకు పోయాను. పొద్దున ఏమీ తినలేదు. ఎండలో గంట నిలబడేసరికి కళ్లు తిరిగి సిమెంటు బస్తాల మీద పడ్డాను. సిద్దిపేట ఫోర్‌మన్ అన్న నీళ్లు పట్టించి, "అరే, తిననోనివి ఎండకెందుకచ్చినవ్ రా! ఇంకో శవం కాయితం ఎవడు టైపు చేస్తడు?" అని తిట్టాడు. ఆ రాత్రే మూడు పళ్లేల అన్నం తిన్నాను. శుక్రవారం బిర్యానీ, ఆ తర్వాత శుక్రవారం ఇంకో బిర్యానీ. ఆగస్టుకు కాంటా ఎక్కితే 92. మొదలుపెట్టినప్పటి కన్నా ఒక కిలో ఎక్కువ!

సిగ్గేసింది. కార్గో షాపు ముందు నుంచి పోవడం కూడా మానేశాను. "నాకు పట్టుదల లేదు, ఇది నా వల్ల కాదు" అని తీర్మానించుకున్నాను. బరువు తగ్గాలని మొదలుపెట్టి వదిలేసిన వాళ్లందరూ చెప్పుకునే మాట ఇదే అనుకుంటాను.

ఎర్ర అట్ట నోటుబుక్కు

ఆ ఆగస్టులోనే రూములో నల్లులు పడ్డాయని మంచాలు, ట్రంకు పెట్టెలు అన్నీ బయటికి తీశాం. నా పెట్టె అడుగున ఒక ఎర్ర అట్ట నోటుబుక్కు దొరికింది. 2011 నాటి అప్పు లెక్క. వీసాకు, ఏజెంటుకు, టికెట్టుకు కలిపి లక్షా ఇరవై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు ఎనిమిది వేల చొప్పున కడుతూ పోతే ఇరవై రెండు నెలలు పట్టింది. ప్రతి నెలా ఒక గీత, ఒక అంకె, ఒక తేదీ.

బెడ్డు మీద కూర్చుని ఆ బుక్కంతా చదివాను. ఆ ఇరవై రెండు నెలల్లో నాకు ఏనాడైనా అప్పు కట్టాలని ఉత్సాహం వచ్చిందా? ఒక్క నెల కూడా రాలేదు. ఉత్సాహం వచ్చాక కడదామని కూర్చున్నానా? కూర్చోలేదు. జీతం వచ్చిన మరునాడు ఎక్స్ఛేంజికి పోయి పంపాను, అంతే. మధ్యలో రెండు నెలలు జీతం ఆలస్యమైంది. అప్పుడు చేబదులు తీసుకుని వడ్డీ మటుకు పంపాను. "ఎట్లాగూ రెండు నెలలు తప్పింది, ఇక అప్పు కట్టడమే మానేద్దాం" అని అనుకోలేదు. అలా అనుకుంటే ఊళ్లో ఇల్లు మిగిలేది కాదు.

మరి పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఒక బిర్యానీ తినగానే అంతా చెడిపోయిందని ఎందుకు వదిలేశాను? లక్షా ఇరవై వేలు తీర్చిన మనిషికి పట్టుదల లేదని ఎవడన్నాడు?

ఆ మాట నన్ను లేపి కూర్చోబెట్టింది. ఆ నోటుబుక్కులోనే వెనక ఖాళీ పేజీ తిప్పి పైన రాశాను. "అసలు: 6 కిలోల 500. గడువు: ఏడాది. నెలకు కిస్తీ: అర కిలోకు కొంచెం పైన."

కిస్తీలు ఎలా కట్టాను

మొదటిది, రోజూ కాంటా ఎక్కడం మానుకున్నాను. అప్పు కట్టేవాడు రోజూ షావుకారి ఇంటికి పోయి లెక్క చూపించమని అడగడు. మా కంపెనీలో వారం సెలవు ఇప్పుడు ఆదివారం. ఆ రోజు పొద్దున ఏమీ తినకముందే కార్గో షాపుకు పోయి ఒక్కసారి ఎక్కి, అంకె రాసుకుంటాను. నీళ్లు, ఉప్పు, ముందు రోజు తిండిని బట్టి ఒక కిలో అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కాబట్టి నాలుగు వారాలు కలిపి చూసుకుంటాను. ఇంకో పని కూడా చేశాను. మొలతాడు దారం సరిగ్గా 90 సెంటీమీటర్లు కత్తిరించి బెడ్డు రాడుకు కట్టాను. నెల మొదటి తారీఖున నడుముకు చుట్టి చూస్తాను. మొదటిసారి రెండు కొసల మధ్య ఎడం జానెడుకు కొంచెం తక్కువ ఉంది.

రెండోది చాయ్. అప్పటిదాకా రోజుకు అయిదు కరక్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర. అంటే రోజుకు పది చెంచాలు, దాదాపు 50 గ్రాములు. ఒక్కసారిగా మానలేదు. మొదటి నెల అయిదును నాలుగు చేశాను. తర్వాత రెండు కరక్, ఒక సులైమాని. కూల్‌డ్రింకు డబ్బా ఒక్కదానిలోనే 35 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. 2017 అక్టోబరులో ఈ దేశ ప్రభుత్వం గ్యాసు కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను మొదలుపెట్టినప్పుడు మనమంతా తిట్టుకున్నాం. ఇప్పుడు నాకు అది మంచిదే అనిపిస్తోంది.

మూడోది మెస్సు. ఇది అన్నిటికన్నా కష్టం. ఆరుగురు కలిసి తినేచోట ఒక్కడు వేరుగా తినడం జరిగే పని కాదు. వేరుగా వండుకుంటే గ్యాసు గొడవ, డబ్బుల గొడవ, పైగా "సారు డైటింగు" అని ఎగతాళి. అందుకని నేను తిండి మాట ఎత్తలేదు. లెక్క మాట ఎత్తాను. అయిదు లీటర్ల నూనె డబ్బా మాకు పదిహేను రోజులకు అయిపోతోంది. అంటే మనిషికి రోజుకు 55 మిల్లీలీటర్లు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు. ఆ లెక్కన ఒక్క నూనె రూపంలోనే మేం రోజూ ఇంకో పళ్లెం అన్నం తిన్నంత తింటున్నాం. "డబ్బా ఇరవై అయిదు రోజులు వస్తే మిగిలిన పైసలతో గుడ్లు, కూరగాయలు తెచ్చుకుందాం" అన్నాను. పైసలు మిగులుతాయంటే అందరూ ఒప్పుకున్నారు. వంట వంతు ఎవరిదైనా గిన్నెలోకి నూనె చెంచాతో కొలిచే పోయాలని నియమం పెట్టుకున్నాం.

అన్నం మానలేదు. అన్నం మానితే తెలుగువాడికి తిన్నట్టే ఉండదు. మూడు గరిటెలను ఒకటిన్నర చేసి, పళ్లెంలో ముందు కూర, పప్పు పెట్టుకుని తర్వాత అన్నం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. వారానికి రెండు రాత్రులు జొన్న రొట్టె. మా రూములో జగిత్యాల కాక రొట్టె కొట్టడంలో దిట్ట. జొన్న రొట్టెలో మంత్రం ఏమీ లేదు. అది కూడా ఆరు తింటే ఒంటికి పడుతుంది. రెండు తింటే కడుపు నిండుతుంది, అదే దాని గుణం.

నాలుగోది నడక. క్లర్కుకు టైము ఎక్కడిది అని చాలా సాకులు చెప్పుకున్నాను. కానీ రోజూ రాత్రి ఇంటికి ఫోను చేసి నలభై నిమిషాలు మాట్లాడుతున్నాను కదా! అదీ బెడ్డు మీద పడుకుని. ఆ ఫోనునే నడక చేశాను. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని క్యాంపు బ్లాకుల చుట్టూ తిరుగుతూ మాట్లాడతాను. ఫోను అయ్యేసరికి నడక కూడా అయిపోతుంది. వేసవిలో రాత్రి తొమ్మిది దాటాక తిరుగుతాను. మరీ ఉక్కగా ఉంటే కారిడార్‌లోనే. మోకాలు నొప్పి మళ్లీ రాలేదు, ఎందుకంటే పరుగు జోలికి పోలేదు.

ఇంటిదాని మాట

ఇక్కడ ఒక ఆటంకం వచ్చింది. అయిదారు నెలలకు ముఖంలో తేడా తెలిసింది. ఒకరోజు వీడియోలో చూసి నా భార్య గాబరా పడింది. "మొకం గుంజుకపోయింది, తింటలేవా? పైసలు పంపాలని కడుపు కట్టుకుంటున్నవా?" మా అమ్మ పక్కనుంచి, "ఏం బీమారయింది బిడ్డా?" అని ఏడుపు. ఆ రాత్రి నాకు మళ్లీ మూడు గరిటెలు తినాలనిపించింది. ఇంట్లోవాళ్లు ఏడిస్తే ఎవరి కోసం ఇదంతా?

అప్పటిదాకా ఇంట్లో షుగరు సంగతి చెప్పలేదు. దూరాన ఉన్నవాళ్లను ఎందుకు భయపెట్టాలని దాచాను. మనమందరం చేసే పనే ఇది. కానీ డ్రైవరన్న భార్య అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. మరునాడు 116 సంగతి, 146 సంగతి, అన్నీ చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నాకెందుకు చెప్పలే? నేను కూడ నడుస్త" అంది. ఇప్పుడు నేను క్యాంపు చుట్టూ తిరుగుతుంటే, అక్కడ ఆమె మా వాకిట్లో తిరుగుతుంది. ఇక్కడికీ అక్కడికీ గంటన్నర తేడా కాబట్టి నా ఎనిమిది ఆమెకు తొమ్మిదిన్నర. వేసవిలో నేను తొమ్మిది దాటాక నడిచే రోజుల్లో ఆమె నిద్ర ఆపుకుని మరీ నడుస్తుంది. "ఇయ్యాల నువ్వు ఆగినవ్, నాకు చప్పుడు వినవస్తలేదు" అని ఫోనులోనే పట్టుకుంటుంది. నన్ను నడిపిస్తున్నది నా పట్టుదల అని నేను చెప్పుకుంటే అబద్ధం. సగం ఆమె, ఇంకో సగం మా రూములో ఉండే కోరుట్ల తమ్ముడు. పెళ్లి చూపులకు పొట్ట తగ్గించుకోవాలని వాడు కూడా కలిశాడు. నేను బద్ధకిస్తే వాడు చెప్పులు తెచ్చి ముందర పడేస్తాడు.

తప్పిన నెలలో వడ్డీ కట్టండి

అన్ని నెలలూ సాఫీగా పోలేదు. 2025 జనవరిలో ప్రాజెక్టు అప్పగింత వచ్చి నెలంతా ఓవర్‌టైము. రాత్రి పదకొండుకు రూముకు చేరేవాణ్ణి. నడక లేదు, ఆఫీసులో సమోసాలు, పరోటాలు. డిసెంబరులో 88కి దిగిన కాంటా ముల్లు 89న్నరకు ఎక్కింది. పాత నేనైతే అక్కడే ఆపేసేవాణ్ణి.

ఈసారి నోటుబుక్కు తీసి జీతం రాని ఆ రెండు నెలల పేజీ చూశాను. అసలు కట్టలేని నెలలో వడ్డీ మటుకు కట్టాను కదా. అలాగే ఇప్పుడూ వడ్డీ కడదామనుకున్నాను. వడ్డీ అంటే ఏమిటి? బస్సు దిగి రూముకు పోయేటప్పుడు ఒక్క చుట్టు ఎక్కువ తిరగడం, పది నిమిషాలు. ఒక చాయ్ చక్కెర లేకుండా తాగడం. అంతే. దానితో బరువు తగ్గదు. కానీ ఖాతా మూతపడదు. నేను ఇంకా కడుతున్న మనిషినే అని నాకు గుర్తుంటుంది. ఫిబ్రవరిలో డ్యూటీ మామూలు కాగానే మళ్లీ కిస్తీ మొదలైంది.

మిత్రులారా, ఈ వ్యాసంలో మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. పండుగకు మటన్ తిన్నారా, తినండి. మన పండుగ మనది. మరునాటి పూటకు మళ్లీ మీ ఒకటిన్నర గరిటెకు రండి. ఒక పూట తప్పితే ఏమీ కాదు. తప్పింది కదా అని వదిలేసిన నెలలే మనిషిని ముంచుతాయి.

కొన్ని జాగ్రత్తలు

సైటులో ఎండలో పనిచేసేవాళ్లు నాలాగా పస్తులు ఉండవద్దు. ఇక్కడి చట్టం ప్రకారం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలి. కానీ మిగతా గంటల్లో కూడా ఎండ ఎండే. పొద్దున తిని పోండి, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. తగ్గించుకోవాల్సింది రాత్రి పది గంటల తర్వాతి తిండి, చక్కెర, నూనె.

షుగరుకు, బీపీకి ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా తిండి ఒక్కసారిగా తగ్గించవద్దు. మందులు ఆపవద్దు.

రూముల్లోకి వచ్చి అమ్మే పొడులు, మాత్రలు కొనవద్దు. గుండెకు ముప్పని 2010లో అమెరికాలో, యూరప్‌లో ఆపేసిన సిబుట్రమిన్ అనే మందు, మూలికల మాత్రలని చెప్పి అమ్మిన సరుకులో ఎన్నోసార్లు బయటపడింది. "పది రోజుల్లో పది కిలోలు" అన్నవాడు, "రెండు నెలల్లో కెనడా వీసా" అన్న ఏజెంటు, ఇద్దరూ ఒక్కటే.

సన్నగా ఉన్నాం, మాకేం కాదు అని కూడా అనుకోవద్దు. సన్నగా ఉన్నవాళ్లకూ షుగరు, బీపీ వస్తాయి. క్యాంపులో ఉచిత పరీక్ష పెట్టినప్పుడు నిద్ర మానుకుని అయినా వెళ్లండి. వచ్చిన అంకె మీ రూములో ఒకరికి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఇంకా బాకీ ఉంది

2025 నవంబరు మొదటి ఆదివారం కాంటా మీద 83 వచ్చింది. పదిహేను నెలల్లో తొమ్మిది కిలోలు. పరగడుపున షుగరు 99. బీపీ 130, కింద 84. ఇంకా చూపించుకుంటూనే ఉన్నాను. సినిమా హీరోలా ఏమీ అయిపోలేదు. పొట్ట ఉంది, చొక్కా గుండీల దగ్గర తెలుస్తుంది. కానీ నాలుగో అంతస్తులోని మా రూముకు మెట్లెక్కి పోతే ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి ఆయాసపడను. మోకాలు గుర్తుకు రాదు. రాత్రి గురక తగ్గిందని కింది బెడ్డు కాక సర్టిఫికెట్ ఇచ్చాడు.

సాయంత్రం కెఫెటేరియా ముందు ఇప్పటికీ కూర్చుంటాను. సులైమాని తాగుతాను. డ్రైవరన్న కూర్చునే కుర్చీలో ఇప్పుడు కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు కూర్చుంటున్నారు. కరక్, సమోసా తెప్పించుకుంటారు. వాళ్లకు నేను ఉపన్యాసం ఇవ్వను. ఆ వయసులో నాకు ఇస్తే నేను వినేవాణ్ణా? "చాయ్ అయినంక ఒక చుట్టు నడుద్దామా తమ్మీ?" అని మాత్రం అడుగుతాను. పదిమందిలో ఇద్దరు వస్తారు.

బెడ్డు రాడుకు కట్టిన దారం అలాగే ఉంది. ఈ నెల మొదటి తారీఖున చుట్టి చూస్తే రెండు కొసల మధ్య ఇంకా నాలుగు వేళ్ల ఎడం ఉంది. మొదట రాసుకున్న అసలు తీరింది, కానీ దారం లెక్కన బాకీ ఉంది. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాను. ఆ నాలుగు వేళ్లు కూడా తీరాక, అమ్మ చేత కొత్త మొలతాడు కట్టించుకోవడానికి ఇంటికి పోవాలని ఉంది. దారం మిగిలిపోయిందని అమ్మ బాధపడుతుంది. అప్పుడు నా షుగరు కాగితం చూపించి, నెమ్మదిగా చెప్పుకుంటాను.